టవర్ కట్టిన ఫీజులో బస్తీ గల్లీకీ వాటా ఉంది

హైదరాబాద్‌లో ఎత్తైన అపార్ట్‌మెంట్ కట్టాలంటే బిల్డర్ అనుమతి తీసుకునేటప్పుడు రకరకాల ఫీజులు కడతాడు. వాటిలో ఒకటి సిటీ లెవల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు. మన సభల్లో, కరపత్రాల్లో భూమి గురించి, ఇళ్ల పట్టాల గురించి, సబ్ ప్లాన్ నిధుల గురించి ఎంతో మాట్లాడుకుంటాం. ఈ ఫీజు ఊసు మాత్రం అరుదుగా వస్తుంది. బస్తీలో డ్రైనేజీ పొంగడానికి, గల్లీ రోడ్డు తవ్వి అలాగే వదిలేయడానికి, ఒకరోజు జేసీబీ వచ్చి ‘రోడ్డు విస్తరణ’ అనడానికి ఈ ఫీజుతో దగ్గరి సంబంధం ఉంది.

కొత్త ప్రైవేటు కట్టడాలు వచ్చినప్పుడు వాటి చుట్టూ రోడ్లు, కాలువలు, ఫుట్‌పాత్‌లు బాగుచేయడానికి డబ్బు ఎలా వస్తుంది? ఆ పనులు ఎవరు, ఏ వరుసలో చేస్తారు? ఆ వరుసలో దళిత బస్తీ ఎక్కడ నిలబడుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు తెలిస్తే, చట్టం ప్రకారం మనం ఏం అడగవచ్చో తేలుతుంది.

వీధి కూడా కులం ప్రశ్నే

1924లో కేరళలోని వైకోమ్‌లో సత్యాగ్రహం మొదలైంది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం. గుడి లోపలికి వెళ్లడం సంగతి తర్వాత, గుడి పక్క వీధిలో నడవడమే అంటరాని కులాలకు నిషేధం. రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులు, చెరువులతో పాటు రోడ్ల పేరు కూడా చెప్పి, ప్రభుత్వ సొమ్ముతో నడిచే రోడ్డును వాడుకోవడంలో కులం పేరుతో ఎవరికీ ఆటంకం ఉండకూడదని రాసింది ఆ చరిత్ర వల్లే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా దారి వాడుకోకుండా అడ్డుకోవడాన్ని నేరంగా చూస్తుంది.

ఇవాళ నగరంలో నడవొద్దని ఎవరూ బోర్డు పెట్టరు. ఏ వీధికి డబ్బు వస్తుంది, ఏ వీధి మీద నుంచి కొత్త లైన్ పోతుంది, ఏ వీధి మూసేసి గేటు పెడతారు అన్న నిర్ణయాల్లో పాత గీత మళ్లీ కనిపిస్తుంది. జీహెచ్‌ఎంసీ లెక్కల్లో 1,476 మురికివాడలు ఉన్నాయి. వాటిలో 1,179 నోటిఫై అయినవి, 297 కానివి. వీటిలో దళితులతో పాటు ముస్లింలు, బీసీలు, ఆదివాసీలు, వలస కూలీలు ఉంటారు. నోటిఫై కాని బస్తీ చాలా సందర్భాల్లో ఇంజనీర్ ఎస్టిమేట్‌లోకే రాదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

2006 మార్చిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 86తో హైదరాబాద్ భవన నిబంధనలను మార్చింది. స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. దాని స్థానంలో ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం భవనం ఎత్తును నిర్ణయించడం మొదలైంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 కూడా అదే పద్ధతి కొనసాగించింది. ఆ నిబంధనల పట్టిక ప్రకారం 55 మీటర్లకు మించి కట్టాలంటే ముందు 30 మీటర్ల రోడ్డు ఉండాలి. అంటే హైదరాబాద్‌లో రోడ్డు వెడల్పు నేరుగా భూమి విలువగా మారుతుంది. రోడ్డు పెరిగితే అంతస్తులు పెరుగుతాయి, అంతస్తులు పెరిగితే గజం ధర పెరుగుతుంది.

ఎత్తు పెరిగితే నగరం మీద భారం పెరుగుతుంది కాబట్టి ఇంపాక్ట్ ఫీజు పెట్టారు. మొదటి 15 మీటర్లకు లేదా అయిదు అంతస్తులకు, ఏది తక్కువైతే దానికి, ఈ ఫీజు ఉండదు. ఆ పైన కట్టే విస్తీర్ణానికి చదరపు మీటరు చొప్పున కట్టాలి. ఫీజును ఎలా వాడాలో కూడా నిబంధనే చెప్పింది. వసూలైన మొత్తాన్ని అనుమతి ఇచ్చిన సంస్థ విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. అందులో 50 శాతం అదే ప్రాంతంలో మౌలిక వసతులకు ఖర్చు పెట్టాలి. మిగతాది నగర స్థాయి వసతుల కోసం. దీనికి ఒక ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాన్, దాన్ని అమలు చేసే యాక్షన్ ప్లాన్ తయారుచేసి, ఆ ప్రకారమే నిధి వాడాలి.

ఇందులో మనకు పనికొచ్చే మాటలు నాలుగు: విడి ఖాతా, అదే ప్రాంతం, సగం, ప్లాన్.

ఇది ఫీజు, పన్ను కాదు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులోనే వివరించింది. పన్నును సర్కారు దేనికైనా వాడుకోవచ్చు. ఫీజు మాత్రం ఏదో ఒక సేవకు బదులుగా తీసుకునేది కాబట్టి, వసూలుకూ ఖర్చుకూ సంబంధం ఉండాలి. రూపాయికి రూపాయి లెక్క సరిపోవాల్సిన పని లేదని తర్వాతి తీర్పులు సడలించినా, సంబంధం ఉండాలన్న మూలసూత్రం అలాగే ఉంది.

ఈ సూత్రాన్ని బిల్డర్ల వైపు, స్థల యజమానుల వైపు నుంచి వాడుకోవడం అమెరికాలో చూడవచ్చు. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీ ఒక వ్యక్తి తన స్థలంలో చిన్న ఇల్లు పెట్టుకోవడానికి 23,420 డాలర్ల ట్రాఫిక్ ఇంపాక్ట్ ఫీజు వేసింది. అతను కోర్టుకెళ్లాడు. ఫీజుకూ ఆ ఇంటివల్ల రోడ్ల మీద పడే భారానికీ సంబంధం, తగిన నిష్పత్తి ఉండాలన్న పరీక్ష చట్టసభ చేసిన ఫీజులకు కూడా వర్తిస్తుందని 2024 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అక్కడ ఆ ప్రశ్న అడిగింది ఫీజు కట్టేవాడు. ఇక్కడ భారం మోసే బస్తీ అదే ప్రశ్న అడగాలి: మా గల్లీ మీద పడిన ప్రభావానికి తీసుకున్న డబ్బు ఎక్కడ ఖర్చయింది?

‘అదే ప్రాంతం’ అంటే ఎవరి ప్రాంతం

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక టవర్‌లో 500 ఫ్లాట్లు, ఫ్లాట్‌కు నలుగురు, మొత్తం 2,000 మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లన్నది మన దేశంలో డ్రైనేజీ ఉన్న నగరాలకు వాడే ప్రమాణం. అంటే రోజుకు 2,70,000 లీటర్లు. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా వస్తుందని లెక్కకడతారు. అంటే 2,16,000 లీటర్లు. పెద్ద ప్రాజెక్టుల్లో సొంత శుద్ధి ప్లాంటు ఉంటుంది. అది సరిగ్గా నడిచినా మిగులు నీళ్లు బయటికే రావాలి. నడవకపోతే మురుగంతా బయటికే వస్తుంది. బయట ఉన్న లైన్ పాతది, సన్నది. నేల ఎటు పల్లంగా ఉంటే నీళ్లు అటే పోతాయి. మన నగరాల్లో పల్లంలో, నాలా పక్కన ఉండేది ఎవరో చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఆ పటం అందరికీ కళ్లారా కనిపించింది.

ప్రభావం కిందికి పారుతుంది. ఫీజు ఖర్చు మాత్రం టవర్ గేటు ముందు రోడ్డుకు, దాని జంక్షన్‌కు, దాని ఫుట్‌పాత్‌కు వెళ్లడానికే మొగ్గు ఉంటుంది. ‘అదే ప్రాంతం’ అని రాసిన నిబంధనలో ఎన్ని మీటర్లన్న కొలత లేదు. ఆ కొలత నిర్ణయించేది ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాన్. అది గీసే బల్ల దగ్గర మనవాళ్లు లేకపోతే ప్రాంతం గేటు దగ్గరే ఆగిపోతుంది. మురుగు ఎక్కడిదాకా పోతుందో, ట్రాఫిక్ ఏ గల్లీలోకి మళ్లుతుందో, అంతదాకా ‘అదే ప్రాంతం’ అని మనం వాదించాలి. ఫీజు పేరులోనే ‘ఇంపాక్ట్’ ఉంది కాబట్టి ఇది దయ అడగడం కాదు.

మిగతా సగం, అంటే నగర స్థాయి వసతుల డబ్బు విషయంలో కూడా జాగ్రత్తగా చూడాలి. జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల రూపాయల మున్సిపల్ బాండ్లు జారీ చేసింది. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ఎస్‌ఆర్‌డీపీ పథకానికి ఆ డబ్బు. అప్పు మీద వడ్డీ కట్టేది నగరం మొత్తం చెల్లించే ఆదాయం నుంచి. బస్తీలో చిన్న ఇంటికి ఆస్తి పన్ను కట్టే కుటుంబం కూడా అందులో ఉంది. అలాగే 2019-20లో మొదలైన రోడ్ల సమగ్ర నిర్వహణ పథకం కింద 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను అయిదేళ్లపాటు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. గ్రేటర్ పరిధిలో మొత్తం రోడ్లు సుమారు 9,000 కిలోమీటర్లు. గుంత పడితే పూడ్చే బాధ్యత ఫలానావాడిది అని ఆ కాంట్రాక్టులో రాసింది ఆ 709 కిలోమీటర్లకే. గల్లీలో గుంత పడితే కార్పొరేటర్ ఇంటికి తిరగాలి.

పనుల వరుస ఎవరికి అనుకూలం

ఒక వీధి కింద, పైన ఎన్ని సంస్థలుంటాయో చూడండి. రోడ్డు జీహెచ్‌ఎంసీది. తాగునీరు, మురుగు జలమండలిది. కరెంటు డిస్కంది. ఫైబర్ కేబుల్ టెలికాం కంపెనీలది. కొన్ని పెద్ద రోడ్లు హెచ్‌ఎండీఏవి, మరికొన్ని ఆర్ అండ్ బీవి. టవర్ అనుమతి ఒకచోట, దానికి నీటి కనెక్షన్ ఇంకోచోట.

సరైన వరుస చెప్పడం తేలిక. మొదట మురుగు లైన్, తర్వాత వరద కాలువ, ఆపై నీటి పైపు, కేబుళ్లు, చివరికి రోడ్డు, ఫుట్‌పాత్. ఇదంతా టవర్‌లో జనం దిగకముందే పూర్తి కావాలి. జరిగేది తలకిందులు. ఎన్నికల ముందు సీసీ రోడ్డు పడుతుంది. ఆరు నెలలకు టవర్ కనెక్షన్ కోసం దాన్ని తవ్వుతారు. తవ్వినవాడు రోడ్ కటింగ్ ఛార్జీ కట్టాను కాబట్టి నా పని అయిపోయిందంటాడు. ఛార్జీ తీసుకున్న సంస్థ మళ్లీ టెండర్ పిలవాలంటుంది. మధ్యలో గల్లీ మట్టిలో ఉంటుంది. పిల్లల స్కూలు ఆటో లోపలికి రాదు, అంబులెన్స్ రాదు.

బిల్డర్ మీద అదుపు కోసం నిబంధనల్లో ఒక పట్టు ఉంది. ప్లాన్ ప్రకారమే కడతాడన్న హామీగా కట్టిన విస్తీర్ణంలో పదో వంతును అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ పట్టు భవనం గోడల వరకే. పక్క బస్తీ లైన్ పెద్దది చేశాకే టవర్‌లో జనం దిగాలన్న షరతు కూడా ఆ సర్టిఫికెట్‌కు ముడిపెట్టాలి. మనం ప్రభుత్వాన్ని అడగాల్సిన విధాన మార్పు ఇదే. అప్పుడు బిల్డరే కార్పొరేషన్ వెంటపడి లైన్ వేయించుకుంటాడు.

ముక్కలుగా వెడల్పయ్యే రోడ్డు, చివరికి మిగిలే బస్తీ

మాస్టర్ ప్లాన్‌లో ఒక రోడ్డును 100 అడుగులని గీస్తారు. వెంటనే అంతా వెడల్పు కాదు. కొత్త భవనం కట్టుకునే యజమాని తన స్థలంలో రోడ్డుకు పోయే భాగాన్ని ఉచితంగా వదులుకుంటాడు. బదులుగా అదనపు అంతస్తులో, ఖాళీ స్థలంలో సడలింపో, లేదంటే టీడీఆర్ పత్రమో పొందుతాడు. టీడీఆర్ అంటే వదులుకున్న స్థలానికి బదులు వేరేచోట కట్టుకునే హక్కు. దాన్ని అమ్ముకోవచ్చు కూడా. తెలంగాణ ప్రభుత్వం 2017 చివర్లో రోడ్ల విస్తరణకు ఇచ్చే టీడీఆర్‌ను వదిలిన స్థలానికి నాలుగు రెట్లకు పెంచింది. ఖజానా నుంచి నగదు తీయకుండా రోడ్డు వస్తుంది, యజమానికీ లాభం.

ఈ పద్ధతిలో స్థలం ఉన్నవాడు, కాగితం ఉన్నవాడు ఒక్కొక్కరుగా లాభపడుతూ పోతారు. రోడ్డు ఇక్కడ 100 అడుగులు, అక్కడ 100 అడుగులు, మధ్యలో 25 అడుగుల బస్తీ. అప్పుడు పత్రికల్లో, అధికారుల నోట్లలో బస్తీ పేరు ‘బాటిల్‌నెక్’ అవుతుంది. తరాలుగా ఉంటున్నవాళ్లే ట్రాఫిక్‌కు అడ్డమైనవాళ్లుగా కనిపిస్తారు. పట్టా లేదు కాబట్టి టీడీఆర్ లేదు. ‘ప్రభుత్వ భూమి’ అంటే భూసేకరణ పరిహారం కూడా లేదంటారు.

చట్టం అంత ఒంటి కంటితో ఏమీ చూడలేదు. 2013 భూసేకరణ చట్టం ‘బాధిత కుటుంబం’ నిర్వచనంలో పట్టణ ప్రాంతంలో ఆ భూమి మీద మూడేళ్లుగా నివసిస్తున్నవారినీ, అక్కడి పని మీద బతుకుతున్నవారినీ చేర్చింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు నిర్వాసితులయ్యే చోట ప్రత్యేక అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలని, తేలని భూమి హక్కులను ఎలా తేలుస్తారో అందులో రాయాలని 41వ సెక్షన్ చెబుతోంది. అధికారులు ఈ చట్టం దాకా రాకుండా ఉండటానికే ‘ఆక్రమణ’ అన్న మాట వాడతారు. అందుకే విస్తరణ నోటీసు రాకముందే పట్టా పని మొదలుపెట్టాలి. 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు ఇళ్లున్న పేదలకు ఉచిత క్రమబద్ధీకరణకు దారి చూపింది. ఆ పత్రం ఉన్న కుటుంబం బేరం వేరు, లేని కుటుంబం బేరం వేరు.

ఫుట్‌పాత్ సుందరీకరణ పేరుతో తోపుడు బండ్లను ఊడ్చేయడం ఈ కథలో ఇంకో భాగం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. ఎస్సీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. కొత్త ఫుట్‌పాత్ డిజైన్ ఆ కమిటీ ముందుకు వచ్చిందా అన్నది మొదటి ప్రశ్న.

వీధి కింద ఎవరున్నారు

కొత్త కట్టడాల మురుగు పాత లైన్‌లో పడితే లైన్ మూసుకుపోతుంది. మూసుకున్న లైన్‌లోకి ఇప్పటికీ మనిషిని దింపుతున్నారు. దిగేది దాదాపు ఎప్పుడూ మన కులాల మనిషే. 2013 చట్టం దీన్ని నిషేధించింది. మురుగు లైన్లలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలకు పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. పరిహారం చావు తర్వాతి మాట. మనిషి దిగాల్సిన అవసరం రాకుండా లైన్ సైజు పెంచడం, యంత్రం వెళ్లేంత వెడల్పు గల్లీ ఉంచడం ముందు జరగాల్సిన పనులు. అవి ఇంపాక్ట్ ఫీజు ఖర్చు జాబితాలో మొదట ఉండాలి. వీధి బాగు అంటే పైన పరిచే టైల్స్ మాత్రమే అనుకుంటే, కింద ఉన్న మనిషి లెక్కలోకి రాడు.

ఎస్సీ నిధులతో పూడ్చే మోసం

2013 సబ్ ప్లాన్ చట్టం ప్రకారం ఎస్సీల ఆవాసాల్లో చేసే పనుల ఖర్చును ఎస్సీ నిధుల్లో లెక్క చూపవచ్చు. విభజించలేని మౌలిక వసతుల పనుల్లో కొంత భాగాన్ని ఎస్సీల కోసమే ఖర్చయినట్టు భావించే వీలు కూడా ఆ చట్టం ఇచ్చింది. ఫ్లైఓవర్ల, పెద్ద రోడ్ల ఖర్చును దళితుల ఖాతాలో రాయవద్దని మన సంఘాలు అడుగుతున్నది ఈ వీలు గురించే. తెలంగాణలో 2017 నుంచి దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాది భర్తీ చేయాలన్న నియమం అందులో ఉంది.

ఇక్కడ రెండు ఖాతాలను కలిపి చూడాలి. టవర్ వల్ల పెంచాల్సిన మురుగు లైన్‌ను ఎస్సీ నిధితో వేసి, టవర్ కట్టిన ఫీజును ఎక్కడో జంక్షన్ అందాలకు తిప్పితే కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. బస్తీకి లైన్ వచ్చింది, ఫీజు ఖర్చయింది. నిజానికి ఆ లైన్ డబ్బు దళిత పిల్లల హాస్టల్‌కో, స్కాలర్‌షిప్‌కో పోవాల్సింది. బిల్డర్ తెచ్చిన భారాన్ని దళితుల వాటా మోసింది. ఒక ఖాతా ఒక్కటే చూస్తే ఇది దొరకదు.

ఏం అడగాలి

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు చాలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. మీ బస్తీ చుట్టూ ఉన్న ఎత్తైన భవనాల పేర్లు రాసుకుని, అనుమతి ఇచ్చిన సంస్థను ఇవి అడగండి:

ఒకటి, గత అయిదేళ్లలో ఈ వార్డులో ఏ భవనం నుంచి ఎంత ఇంపాక్ట్ ఫీజు వసూలైంది, అది ఏ ఎస్క్రో ఖాతాలో ఉంది?

రెండు, ఈ ప్రాంతానికి తయారుచేసిన ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాన్, యాక్షన్ ప్లాన్ నకళ్లు. ‘అదే ప్రాంతం’ హద్దు చూపే మ్యాపుతో సహా.

మూడు, సగం వాటా కింద చేసిన పనుల జాబితా, ప్రతి పనికీ చోటు, ఖర్చు, తేదీ.

నాలుగు, మా బస్తీలో ఎస్సీ నిధులతో చేసిన పనుల జాబితా. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చదవండి.

అయిదు, మా రోడ్డు మాస్టర్ ప్లాన్‌లో ఎన్ని అడుగులు, విస్తరణలో ఎన్ని ఇళ్లు పోతాయి, ఈ రోడ్డు మీద ఇప్పటిదాకా ఎన్ని టీడీఆర్ పత్రాలు ఇచ్చారు?

ప్లాన్ లేదన్న జవాబు వస్తే అది కూడా మనకు ఆధారమే. ప్లాన్ ప్రకారమే నిధి వాడాలన్న నిబంధన ఉన్నప్పుడు, ప్లాన్ లేకుండా ఖర్చు ఎలా జరిగిందన్నది కోర్టులో నిలిచే ప్రశ్న. చదువుకుంటున్న విద్యార్థులు ఈ జవాబులను మ్యాపు మీద పెట్టగలరు. ఒక రంగుతో ఫీజు కట్టిన టవర్లు, ఇంకో రంగుతో ఫీజు ఖర్చయిన చోట్లు, మూడో రంగుతో మురుగు పొంగే గల్లీలు. ఒక్క వార్డుకు ఈ పని పూర్తి చేస్తే చాలు. ఆ మ్యాపుతో బస్తీ సంఘం జోనల్ కమిషనర్ దగ్గరికి వెళ్లినప్పుడు మాట్లాడేది విన్నపం భాషలో ఉండదు, లెక్కల భాషలో ఉంటుంది.